ఫిర్యాదు రాని పదకొండు రోజులు

కార్డెక్స్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పల్చటి అరలున్న ఇనుప బీరువా, జర్నల్‌కొక కార్డు. సంచిక వచ్చిన రోజు గడిలో టిక్కు పెట్టాలి. మార్చి గడి ఖాళీగా ఉంటే ఏజెంటుకు రిమైండరు ఉత్తరం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పొద్దుటి పని అదే. విసుగు పుట్టేది, నిజమే. కానీ రానిది రాలేదని ఆ కార్డు చెప్పేది.

ఇప్పుడు మా యూనివర్సిటీ లైబ్రరీలో ఈ-రిసోర్సులు చూస్తున్నాను. ఆన్‌లైన్ జర్నల్ అంటే డబ్బు కట్టి లింకు పెట్టడమే అనుకుంటారు చాలామంది. లింకు పెట్టడం అన్నిటికన్నా చిన్న పని. దానికి ముందు ట్రయల్, డిపార్టుమెంట్ల అభిప్రాయాలు, లైసెన్సు చదవడం (చందా ఆపేశాక పాత సంచికలు చదవనిస్తారా లేదా అన్న ఒక్క వాక్యం కోసం పేజీలకు పేజీలు తిప్పాలి), ఇన్‌వాయిసు, మన క్యాంపస్‌ను గుర్తుపట్టేందుకు మన ఐపీ అడ్రసులు ప్రచురణకర్తకు పంపడం. ఊపిరి తీసుకునేలోపు రెన్యువల్.

ఒక ఏడాది మా నెట్‌వర్క్ గదివాళ్లు ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. ఐపీ అడ్రసులూ మారిపోయాయి. మాకు చెప్పాలని వాళ్లకు తట్టలేదు, అడగాలని నాకూ తట్టలేదు. పన్నెండో రోజున ఏదో సంతకం కోసం వచ్చిన పీహెచ్‌డీ అమ్మాయి వెళ్తూ వెళ్తూ అడిగింది.

"మేడమ్, ఆ జర్నల్ ఆపేశారా? 35 డాలర్లు కట్టమంటోంది."

"ఎప్పటి నుంచమ్మా?"

"పది రోజుల పైనే. బడ్జెట్ లేదేమో అనుకున్నాం మేడమ్."

మరి ఇన్నాళ్లూ పేపర్లు ఎలా చదివారంటే నవ్వి ఊరుకుంది. నేనూ రెట్టించలేదు.

కౌంటర్ అనే ప్రమాణం ప్రకారం ప్రచురణకర్తలు నెలనెలా వాడకం లెక్కలిస్తారు. తలుపు దాకా వచ్చి వెనుదిరిగినవాళ్ల లెక్క కూడా అందులో ఉంటుంది. తీరా చూస్తే మావాళ్లు అక్కడ లేరు. ఎలా ఉంటారు? కొత్త ఐపీ మాదని ప్రచురణకర్తలకు తెలియదు గదా, మా విద్యార్థులు దారినపోయేవాళ్ల కింద లెక్క. మా ఖాతాలో కనిపించిందల్లా ఆ నెల వాడకం పడిపోవడమే. ఆ ఒక్క కాగితం రెన్యువల్ కమిటీ ముందు పెడితే 'ఎవరూ చదవడం లేదు, తీసేద్దాం' అని ఉండేవారు.

2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ సమన్వయం చేస్తుంది. చాలా జర్నళ్ల విషయంలో మాలాంటి ప్రభుత్వ సంస్థలకు బేరాల బాధ తప్పింది, సంతోషం. అయితే క్యాంపస్‌లో ఐపీ మారితే తెలుసుకుని చెప్పాల్సింది ఇప్పటికీ మేమే. హాస్టల్లో లాగిన్ కుదరకపోతే ఫోన్ వచ్చేదీ మాకే. వస్తే.

అందుకే రోజూ రాగానే ఐదారు జర్నళ్లు తెరిచి చూస్తాను. హోమ్ పేజీతో ఆగను, అది ఎవరికైనా తెరుచుకుంటుంది. పీడీఎఫ్ దించుకునేదాకా వెళ్లాలి. ఒకసారి క్యాంపస్ వైఫై మీద, ఇంకోసారి ఫోన్ డేటా మీద లాగిన్ అయి. ఎక్సెల్‌లో టిక్కు. పక్క సీటు కుర్రాడు చూసి, "ఇదీ కార్డెక్సే కదా మేడమ్" అన్నాడు. కార్డెక్సే. గడి ఖాళీగా ఉన్న రోజున ఉత్తరాలతో పని లేదు, మెట్లెక్కి నెట్‌వర్క్ గదికి వెళ్తాను.