మీ బళ్ళో ఇంతకుముందు ఎవరికి వచ్చింది?

ఒక కథ గురించి రాద్దామని కూర్చుంటే ఇది పరీక్షల గురించిన వ్యాసంగా మారిపోయింది. ఆ కథ పేరు ‘ఎ బ్యాండ్ అపార్ట్’. రాసింది జెస్సికా జాన్సన్ అనే ఇంగ్లీషు అమ్మాయి. గ్రేటర్ మాంచెస్టర్ ప్రాంతంలోని ఆష్టన్‌లో, మన ఇంటర్మీడియట్ లాంటి చదువు చదువుతూ రాసింది. జార్జ్ ఆర్వెల్ పేరు మీద అక్కడి విద్యార్థుల రచనలకు ఇచ్చే బహుమతి 2019లో ఆ కథకి వచ్చింది. పిల్లల్ని వాళ్ళు పుట్టిన వర్గాన్ని బట్టి బ్యాండ్లుగా విడగొట్టే ఒక ఆల్గారిదం ఆ కథలోని ఊహ. మరుసటేడు, 2020 ఆగస్టులో, ప్రభుత్వం వాడిన నిజమైన ఆల్గారిదం ఆ అమ్మాయి ఇంగ్లీషు గ్రేడుని ‘ఏ’ నుంచి ‘బి’కి దించింది. సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో సీటు చేతికందినట్టే అంది జారిపోయింది. నా కథలోకి నేనే పడిపోయాను అని ఆమె పత్రికల వాళ్ళతో అంది.

మన విమర్శకుల చేతికి దొరికితే ‘రచయిత క్రాంతదర్శి’ అన్న పాతమాటకి దీన్నొక ఉదాహరణ చేసేసి ఊరుకుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఈ అమ్మాయి భవిష్యత్తునేమీ దర్శించలేదు. చుట్టూ ఉన్న బళ్ళ మధ్య అప్పటికే కనిపిస్తున్న తేడాలను చూసి, వాటిని కాస్త పెంచి, దానికొక ఆల్గారిదం తగిలించానని ఆమే చెప్పింది. అంటే ఆమె రాసింది వర్తమానం. దాన్ని కల్పన అనుకుని బహుమతి ఇచ్చిన మనమే ఆశ్చర్యపోయాం.

అసలేం జరిగిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అన్యాయమంతా ఆ వివరాల్లోనే ఉంది.

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇంగ్లండులో ‘ఏ లెవెల్’ పరీక్షలు రద్దయ్యాయి. యూనివర్సిటీ ప్రవేశాలు ఎక్కువగా ఆ గ్రేడుల మీదే ఆధారపడి ఉంటాయి. అందుకని పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ టీచర్లని రెండు విషయాలు అడిగింది. పరీక్ష జరిగివుంటే ఒక్కో విద్యార్థికి ఏ గ్రేడు వచ్చివుండేదో అంచనా వెయ్యాలి. తర్వాత ఒక్కో సబ్జెక్టులో పిల్లలందరినీ మొదటినుంచి చివరిదాకా వరసపెట్టాలి. టీచర్లు రెండూ చేసి పంపారు. ఒక సబ్జెక్టులో పదిహేనుమంది కంటే ఎక్కువున్న చోట మొదటి అంచనాను పక్కన పెట్టేసి ఆ వరసను మాత్రమే తీసుకున్నారు. 2017 నుంచి 2019 దాకా ఆ బడికి ఆ సబ్జెక్టులో ఎలాంటి గ్రేడులు వచ్చాయో చూశారు. ఈ ఏటి పిల్లల పాత పరీక్షల మార్కుల్ని బట్టి దాన్ని కొంచెం అటూ ఇటూ జరిపారు. అలా తయారైన గ్రేడుల మెట్లమీద పిల్లల్ని వరసక్రమంలో నిలబెట్టారు. అంతే.

ఊరికే ఊహకి ఒక క్లాసు అనుకుందాం. ఇరవై ఏడుగురు పిల్లలు. గత మూడేళ్ళలో ఆ బడిలో ఆ సబ్జెక్టులో ఎవరికీ ‘ఏ స్టార్’ రాలేదు. ఏటా ఒకరిద్దరు తప్పారు. ఇప్పుడు వరసలో మొదట ఉన్న పిల్ల ఎంత తెలివైనదైనా ఆమెకి ‘ఏ స్టార్’ దక్కడం దాదాపు అసాధ్యం. ఇరవై ఏడో స్థానంలో ఉన్న పిల్ల సంగతి ఇంకా ఘోరం. టీచరు ఆమెకి ‘సి’ వస్తుందని రాసివుండొచ్చు. కానీ ఏటా ఒకరు తప్పుతున్న బడి కాబట్టి ఈ ఏడూ ఒకరు తప్పాలి. వరసలో చివర ఉన్నందుకు ఆ తప్పడం ఆమె వాటాకి వస్తుంది. రాయని పరీక్షలో ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన పిల్లల తరఫున ఆమె తప్పింది!

మరి పదిహేనుమందిలోపు ఉంటే? అయిదుగురూ అంతకన్నా తక్కువా ఉంటే టీచరు వేసిన గ్రేడే ఖాయం. ఆ మధ్యలో ఉంటే కొంత అదీ కొంత ఇదీ. తక్కువమందితో లెక్క కుదరదు కాబట్టి అలా చేశామన్నారు. గణితపరంగా సబబే. అయితే అయిదారుగురితో క్లాసులు నడిపేది ఎవరు? లాటిన్, ప్రాచీన గ్రీకు, సంగీతం లాంటివి నలుగురికి చెప్పగలిగే, పెద్ద ఫీజులు తీసుకునే ప్రైవేటు స్కూళ్ళు. ‘ఏ’, ఆపై గ్రేడుల వాటా 2019తో పోలిస్తే ప్రైవేటు స్కూళ్ళలో 4.7 శాతం పాయింట్లు పెరిగింది. సిక్స్‌త్ ఫామ్ కాలేజీల్లో 0.3 పెరిగింది. ఆ నిబంధనలో ‘డబ్బున్నవాళ్ళు’ అన్న మాట ఎక్కడా లేదు. మన దగ్గర కూడా వివక్ష ఎప్పుడూ తన పేరు తాను రాసుకోదు కదా.

మొత్తం మీద ఇంగ్లండులో దాదాపు 39 శాతం గ్రేడులు టీచర్ల అంచనాకంటే కిందికి దిగాయి. స్కాట్లండులో వేరే సంస్థ ఇలాంటి పనే ఇంకాస్త ముందు చేసింది. అక్కడ ‘హయ్యర్’ పరీక్షలో టీచర్లు అంచనా వేసిన ఉత్తీర్ణతని అతి పేద ప్రాంతాల్లో 15.2 పాయింట్లు, అన్నిటికన్నా ఉన్న ప్రాంతాల్లో 6.9 పాయింట్లు తగ్గించారు. ఆగస్టు 11న స్కాట్లండు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇంగ్లండులో పిల్లలు విద్యాశాఖ కార్యాలయం ముందు చేరి ఆల్గారిదాన్ని బూతుమాటతో తిట్టారు. 17న ఆ ప్రభుత్వమూ దిగివచ్చి టీచర్ల గ్రేడులనే ఒప్పుకుంది. అప్పటికి నాలుగు రోజులు గడిచిపోయాయి. కొన్ని కోర్సుల్లో సీట్లు నిండిపోయి, కొందర్ని వచ్చే ఏడాది రమ్మన్నారు.

ఇది చదువుతున్నప్పుడు నాకు వెంటనే మన 2019 ఏప్రిల్ గుర్తొచ్చింది. తెలంగాణ ఇంటర్ ఫలితాలు. తెలుగులో 99 తెచ్చుకున్న అమ్మాయికి సున్నా పడింది. పరీక్ష రాసినవాళ్ళని రాయలేదన్నారు. ఇంటర్ బోర్డు ముందు తల్లిదండ్రులు కూలబడి ఏడ్చారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. తప్పిన మూడు లక్షల పైచిలుకు పిల్లల పేపర్లను ఉచితంగా మళ్ళీ చూశారు. ఈలోపు ఇరవైమందికి పైగా పిల్లలు లేకుండా పోయారు. ఆ సంఖ్య రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

మొదట ఈ రెండూ ఒకటే అనుకున్నాను. కాదు. మన దగ్గర జరిగింది నిర్లక్ష్యం. మనుషులదీ, సాఫ్ట్‌వేర్‌దీ. ఎంత క్రూరమైనదైనా పొరపాటే. ఆ 99 ఒక జవాబుపత్రంలో ఎక్కడో ఉంది, వెతికితే దొరికింది. ఇంగ్లండులో జరిగింది పొరపాటు కాదు. ఆ లెక్క తనకి చెప్పిన పనిని చెప్పినట్టు చేసింది. అక్కడ వెతకడానికి జవాబుపత్రమే లేదు. ‘నేను రాసింది చూడండి’ అనడానికి ఆ అమ్మాయి ఏమీ రాయలేదు. అప్పీలు కూడా విద్యార్థి చేసుకోవడానికి లేదు, బడి చెయ్యాలి. అందుకే ఆనాటి ప్రధాని బోరిస్ జాన్సన్ దాన్ని ‘మ్యూటెంట్ ఆల్గారిదం’ అనడం నాకు మింగుడుపడలేదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళం, ఒక మాట ఎందుకు వాడారో చూడటమే మన పని. మ్యూటెంట్ అంటే దానంతటది మారిపోయి పుట్టిన వింతజీవి. దానికి అమ్మా నాన్నా ఉండరు. ఈ ఏటి గ్రేడులు నిరుడు వచ్చినవాటిలాగే కనిపించాలి, పెరగకూడదు అన్న ఆదేశం మాత్రం మంత్రిగారి దగ్గర్నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పాలి. చెప్పకపోతే టీచర్లంతా మంచివాళ్ళు, యంత్రం చెడ్డది అని తేల్చేసినట్టవుతుంది.

నేను కొన్నేళ్ళు డిగ్రీ కాలేజీల్లో గెస్టు లెక్చరర్‌గా పనిచేశాను. ఒకచోట ఇంటర్నల్ మార్కులు వేసి పంపితే, పోయినేటి సరాసరి కంటే ఎక్కువున్నాయి, తగ్గించి పంపండమ్మా అన్నారు. గంటల లెక్కన జీతం తీసుకునేదాన్ని, ఎదురుచెప్పలేదు. ఎవరివి తగ్గించాలి? లిస్టు ముందు పెట్టుకుని కూర్చుంటే నా ఎర్రపెన్ను ఎవరు వచ్చి అడగరో వాళ్ళ పేర్ల దగ్గరే ఆగింది. పల్లెల నుంచి బస్సులో వచ్చే అమ్మాయిలు. మొదటి పీరియడ్‌కి ఆలస్యంగా వచ్చి చివరి బెంచీలో కూర్చుని, బస్సు వేళకి ముందే పుస్తకాలు సర్దుకునేవాళ్ళు. వాళ్ళ మొహాలు నాకు సరిగ్గా గుర్తులేవు. మార్కులు తగ్గడానికి అదొక్కటే కారణం. వాళ్ళలో ఒకమ్మాయికి ఆ ఏడు యూనివర్సిటీ పరీక్షలో నేను చెప్పిన పేపర్లో క్లాసందరికంటే ఎక్కువ వచ్చాయి. ఆ జవాబులు దిద్దినవాళ్ళకి ఆమె మొహమూ, ఊరూ, ఇంటిపేరూ తెలియవు. వాళ్ళ ముందున్నది కోడు నంబరు.

పరీక్షల్ని పొగడాలని కాదు. బట్టీ చదువులు, కార్పొరేట్ కాలేజీలు, ఇంగ్లీషు మీడియం, వీటన్నిటి వడపోత అయ్యాకే ఆ మూడు గంటలు వస్తాయి. అయినా ఆ మూడు గంటల్లో ఆమె రాసింది ఆమెదే. దాన్ని తీసేస్తే మిగిలేది ఆమె గురించి మనకి ముందే ఉన్న అభిప్రాయం. గిల్ వైనెస్ అనే పరిశోధకురాలు 2016లో బ్రిటన్ టీచర్ల అంచనాలను అసలు ఫలితాలతో పోల్చి చూసింది. ఎక్కువమంది పిల్లలకి టీచర్లు కాస్త ఎక్కువే వేస్తున్నారు. బాగా చదివే పిల్లల్లో మాత్రం, పేదింటి నుంచి వచ్చినవాళ్ళకి తక్కువ అంచనా కట్టే అవకాశం ఎక్కువ. 2021లో ఆల్గారిదం లేకుండా పూర్తిగా టీచర్లే గ్రేడులు వేశారు. ‘ఏ’, ఆపై గ్రేడులు ప్రైవేటు స్కూళ్ళలో 70 శాతం, మామూలు ప్రభుత్వ బళ్ళలో 39 శాతం. యంత్రం పోయినా అంతరం పోలేదు.

అదే ఏడు మన దేశంలో సిబిఎస్‌ఇ పన్నెండో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. పది, పదకొండు, పన్నెండు తరగతుల మార్కులు 30, 30, 40 పాళ్ళలో కలిపారు. కలిపాక వాటిని ఆ స్కూలుకి గత మూడేళ్ళలో వచ్చిన మెరుగైన ఫలితాలతో సరిచూసి సర్దమన్నారు. ఇంగ్లండంత మొరటుగా కాకపోయినా ఇక్కడా అడిగిన ప్రశ్న అదే. మీ బళ్ళో ఇంతకుముందు ఎవరికి వచ్చింది?

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. పై చదువుకి వెళతానన్న ప్రతి ఆడపిల్లా ఇంట్లో విన్నదే. మన ఇళ్ళల్లో ఎవరు వెళ్ళారే? మా అమ్మమ్మని మూడో తరగతితో మాన్పించినప్పుడూ అదే అన్నారట. భండారు అచ్చమాంబ తమ్ముడికి పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. 1870ల్లో పుట్టిన ఆ పిల్ల భవిష్యత్తుని ఆ ఇంటి ఆడవాళ్ళ గత చరిత్రతో లెక్కగడితే ఏ గ్రేడు వచ్చేది? ముందెవరూ లేని చోట మొదటి మనిషిగా నిలబడినవాళ్ళ గురించే కదా స్త్రీల సాహిత్య చరిత్ర అని మనం రాసుకుంటున్నది. ఆ మొదటి మనిషికి ఈ లెక్కలో గడి లేదు. దళిత వాడ నుంచి, తండా నుంచి మొదటిసారి వచ్చే పిల్లకి అసలే లేదు. సరాసరి ఎప్పుడూ గతానిదే అవుతుంది. గతం ఎవరిదో మనకి తెలుసు.

జెస్సికా కథ దగ్గరికి మళ్ళీ వస్తాను. పదిహేడేళ్ళ పిల్ల అంత సూటిగా చూడగలగడం నాకు గొప్పగా అనిపించింది. ఒక్క చోట మాత్రం నిజం కథని దాటిపోయిందనుకుంటాను. ఈ వ్యవహారం మధ్యలో ఒక టీచరు కూర్చుని వుంది. తన పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిగా రాయమంటే ఆమె రాసి ఇచ్చింది. మంచి చెయ్యాలనే రాసివుంటుంది. ఆ చివరి పేరు రాసేటప్పుడు ఆమె పెన్ను కూడా ఒక క్షణం ఆగే వుంటుంది.

పోయినేడు ఎమ్మే క్లాసులో ఈ సంగతంతా తెలుగులో చెప్పాను. ఒకమ్మాయి లేచి, “ఆ కథ రాసినమ్మాయికి ప్రైజొచ్చింది కాబట్టి పేపర్లో వేశారు మేడమ్. లిస్టులో ఆఖర్న ఉన్న పిల్ల ఏమైంది?” అంది. తెలీదన్నాను. తర్వాత హాజరు వేస్తూ ఆఖరి నంబరు దగ్గర ఆగి, ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందోనని తలెత్తి చూశాను.