అద్దం కింది పనితనం

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనబోయేవాళ్ళు మొదట అడిగేది మెగాపిక్సెళ్ళ సంగతి. అమ్మేవాళ్ళు ఊదరగొట్టేదీ దాన్నే. ఆ కెమెరాలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే పనితనం మాత్రం ఎవరూ తొంగిచూడని చోట ఉంది. లెన్స్ ఊడదీస్తే వాలుగా ఒక అద్దం కనిపిస్తుంది. ఆ అద్దం ఉన్న గది అడుగున, నల్లటి సందులో, ఆటోఫోకస్ పరికరం దాక్కుని ఉంటుంది. నేలపట్టు చెరువుగట్టు మీద నిలబడి, గూటికి తిరిగొస్తున్న గూడబాతు మీదికి లెన్స్ ఎక్కుపెట్టినప్పుడు, బొమ్మ దక్కుతుందో లేదో తేల్చేది ఆ చిన్న ముక్కే. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు, సూళ్ళూరుపేట, పులికాట్ అన్నీ తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. నా మటుకు నాకు అది ఇంకా నెల్లూరు తీరమే.)

లెన్స్ గుండా వచ్చిన వెలుతురులో ఎక్కువ భాగం ఆ అద్దానికి తగిలి పైకి, మన కంటికి, పోతుంది. అద్దం నడిమి భాగం మాత్రం కొంత వెలుతురును వెనక్కి జారనిస్తుంది. వెనకాల ఇంకో బుల్లి అద్దం కీలు మీద వేలాడుతూ, ఆ జారిన వెలుతురును గది అడుగుకు వంచుతుంది. అక్కడున్న జంట లెన్సులు దాన్ని రెండు పాయలు చేస్తాయి. పెద్ద లెన్స్ ఒక అంచు నుంచి వచ్చిన వెలుతురు ఒక పాయ, ఎదుటి అంచు నుంచి వచ్చింది రెండో పాయ. రెండూ వెళ్ళి సన్నటి వరసల్లో పేర్చిన సెన్సర్ల మీద రెండు బొమ్మలుగా పడతాయి. మొహం ముందు వేలు నిలబెట్టి కళ్ళు మార్చి మార్చి మూస్తే వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుందే, ఆ రెండు బొమ్మల మధ్యా అలాంటి ఎడమే ఉంటుంది. ఫోకస్ సరిగ్గా కుదిరితే ఆ ఎడం ఎంత ఉండాలో కెమెరాకు ముందే తెలుసు. అంతకు తగ్గితే ఫోకస్ పిట్టకు ఇవతల ఆగింది. పెరిగితే పిట్టను దాటిపోయింది.

అంటే ఒక్క కొలతతో రెండు సంగతులు తెలిసిపోతాయి: లెన్స్‌ను ఎటు తిప్పాలి, ఎంత తిప్పాలి. పాత డిజిటల్ కాంపాక్ట్ కెమెరాలు బొమ్మ ఎప్పుడు పదునెక్కుతుందా అని లెన్స్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ వెతుక్కునేవి. దీనికి ఆ వెతుకులాట లేదు. అయితే ఈ లెక్కంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. లెన్స్ నుంచి అడుగునున్న సెన్సర్లకు ఎంత దూరమో, లెన్స్ నుంచి బొమ్మ పడే అసలు సెన్సర్‌కూ అంతే దూరం ఉండాలి. నికాన్ కెమెరాల్లో లెన్స్ బిగించే అంచు నుంచి అసలు సెన్సర్‌కు దూరం 46.5 మిల్లీమీటర్లు. బుల్లి అద్దం కీలు వెంట్రుకవాసి వంగినా ఈ సమానత్వం చెడుతుంది. నొక్కిన ప్రతిసారీ రెండద్దాలూ మడుచుకుని పైకి ఎగరాలి, మళ్ళీ ఉన్నచోటికే వచ్చి నిలకడగా ఆగాలి. నికాన్ డి500లో ఇది సెకనుకు పదిసార్లు జరుగుతుంది. నేను మెచ్చుకోమనేది ఆ కీలును.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ పరికరానికి పిట్ట తెలియదు, కొమ్మ తెలియదు. వ్యూఫైండర్‌లో కనిపించే దాని గడి (ఫోకస్ పాయింట్) కింద ఏది పడితే దాని ఎడం కొలుస్తుంది. కొలవడానికి ఒక గీతో అంచో మచ్చో కావాలి. గూడబాతు రెక్కలోని నున్నటి బూడిదరంగు మీద గడి పడితే కొలవడానికేమీ ఉండదు, లెన్స్ ఆ చివరికీ ఈ చివరికీ కొట్టుకుంటుంది. అదే గడిని కన్ను చుట్టూ ఉన్న అంచు మీద పెట్టండి, టక్కున ఆగుతుంది. సెన్సర్ వరస అడ్డంగా ఉంటే నిలువు గీతలనే పట్టగలదు, నిలువుగా ఉంటే అడ్డగీతలనే. రెండు వరసలూ ఒకదాన్నొకటి కోసేలా పెట్టినవాటిని క్రాస్ టైప్ అంటారు. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ 2లో ఉన్న 65 గడులూ క్రాస్ టైపే. 2016 నాటి డి500లో 153 గడులుంటే వాటిలో 99 అలాంటివి. డి500 తయారుచేసినవాళ్ళు ఒక గడుసు పని చేశారు. పెద్ద సెన్సర్ ఉన్న డి5 కోసం చేసిన ఆటోఫోకస్ పరికరాన్నే తెచ్చి ఈ చిన్న సెన్సర్ కెమెరాలో బిగించారు. దాంతో గడులు వ్యూఫైండర్‌లో కుడి ఎడమల అంచులదాకా పరుచుకున్నాయి. పిట్ట బొమ్మలో ఒక పక్కకు జరిగిపోయినా గడి దొరుకుతుంది.

పులికాట్‌లో ఈ అడ్డం నిలువుల తేడా బాగా తెలుస్తుంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుంటూ వెళ్ళే రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర ఆగితే, చలికాలంలో లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు మేస్తుంటాయి. నీటి అలలన్నీ అడ్డగీతలు. దిగంతమూ అడ్డగీతే. నిలువుగా నిలిచేవి ఫ్లెమింగో మెడా కాళ్ళే. గడులన్నిటినీ కెమెరాకే వదిలేస్తే అది సాధారణంగా దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది, అంటే ముందున్న అలను. ఒకే గడిని ఎంచుకుని మెడ మొదట్లో పెట్టడమే ఇక్కడ మందు.

లెన్స్ ఎపర్చర్‌కూ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఈ కొలతకూ బంధం ఉంది. లెన్స్ రెండంచులు ఎంత దూరంగా ఉంటే రెండు పాయల మధ్య తేడా అంత స్పష్టంగా తెలుస్తుంది. అందుకే చాలా గడులు ఎఫ్ 5.6 వరకే నమ్మకంగా పనిచేసేలా కట్టారు. కొన్ని మంచి కెమెరాల్లో నడిమి గడి ఎఫ్ 2.8 లెన్సులతో ఇంకా నిక్కచ్చిగా కొలుస్తుంది. మీరు ఫొటోకు ఎఫ్ 11 పెట్టుకున్నా ఫోకస్ చేసేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి దానివల్ల ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దూరం సరిపోవడంలేదని ఎఫ్ 5.6 లెన్స్‌కు బొమ్మను పెద్దది చేసే 1.4 రెట్ల కన్వర్టర్ తగిలించినప్పుడు. లెన్స్ ఎఫ్ 8కి పడిపోతుంది. డి500లో అప్పుడు 15 గడులే మిగులుతాయి. చాలా చవక కెమెరాల్లో ఆ వెలుతురుకు ఆటోఫోకస్ చేతులెత్తేస్తుంది.

ఈ విద్య ఒక్కరి చేతిలో పుట్టింది కాదు. మామూలు జనం కొనుక్కోగలిగిన మొదటి ఆటోఫోకస్ కెమెరా 1977లో వచ్చిన కోనికా సి35 ఏఎఫ్. అందులో కొలిచే ముక్క అమెరికా కంపెనీ హనీవెల్‌ది. ఎస్‌ఎల్‌ఆర్‌లలో 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడేవాటిలో 1981లో పెంటాక్స్ ఎంఈ-ఎఫ్ మొదటి అడుగు వేసింది. ఆటోఫోకస్ మొత్తాన్నీ కెమెరా ఒంట్లోనే ఇమిడ్చి మార్కెట్‌ను ఊపేసింది మాత్రం 1985 నాటి మినోల్టా 7000. పేటెంట్ల మీద హనీవెల్ కోర్టుకెక్కడంతో మినోల్టా 1992లో 12.75 కోట్ల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. కెనాన్ 1987లో పాత లెన్స్ బిగింపును పూర్తిగా వదిలేసి కొత్త ఈఎఫ్ బిగింపు తెచ్చింది. పాత లెన్సులు కొని పెట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. నికాన్ 1959 నాటి బిగింపునే ఉంచి, లెన్స్‌ను తిప్పే మోటారును కెమెరాలో పెట్టింది. దాని ఫలితం మన దాకా వచ్చింది. నికాన్ డి3000, డి5000 వరసల్లోని చవక కెమెరాల్లో ఆ మోటారు లేదు. చవగ్గా దొరికిందని తనలో మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ కొని వాటికి తగిలిస్తే చేత్తోనే తిప్పుకోవాలి.

మోటారును లెన్స్‌లోనే పెట్టిన కెనాన్ 1987లోనే 300 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్స్‌లో రింగు ఆకారపు అల్ట్రాసోనిక్ మోటారు వాడింది. ఇందులో పళ్ళచక్రాలు లేవు. కరెంటు తగిలితే సాగి ముడుచుకునే పింగాణీ పలక ఒకటి లోహపు రింగుకు అతికి ఉంటుంది. సెకనుకు సుమారు 30 వేల కంపనాలతో ఆ రింగు మీద ఒక అల పరుగెడుతుంది. అల ఎత్తు మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని ఒత్తుకుని ఉన్న రెండో రింగు ఆ అలల రాపిడికే తిరుగుతుంది. కరెంటు ఆపితే అదే రాపిడి దాన్ని ఉన్నచోటనే బిగించి పట్టుకుంటుంది, వేరే బ్రేకు అక్కర్లేదు. మన చెవికి వినపడనంత పై స్థాయి ధ్వని కాబట్టి గూటిలోని పిట్ట ఉలిక్కిపడదు.

ఇప్పుడు నేలపట్టు గూడబాతు దగ్గరికి వద్దాం. 1976 నుంచి అభయారణ్యంగా ఉన్న ఈ చెరువులో, నీళ్ళలో నిలిచిన చెట్ల మీద అవి గూళ్ళు కడతాయి. చేతిలో 500 మిల్లీమీటర్ల ఎఫ్ 5.6 లెన్స్, డి500 కెమెరా ఉన్నాయనుకోండి. పిట్ట 20 మీటర్ల దూరంలో ఉంటే పదునుగా వచ్చే లోతు సుమారు 36 సెంటీమీటర్లు. 10 మీటర్లకు వస్తే 9 సెంటీమీటర్లే. గూడబాతు ముక్కే సుమారు 30 సెంటీమీటర్లు. అది మీకేసి తిరిగి కూర్చుంటే, ముక్కు కొన మీద ఫోకస్ పడిన బొమ్మలో కన్ను మసకబారుతుంది. ఎగిరి వచ్చేదైతే ఇంకో చిక్కు. మీరు నొక్కాక అద్దం లేచి షట్టర్ తెరుచుకోవడానికి సుమారు సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే పిట్ట ఆలోపు అర మీటరు దగ్గరికొచ్చేస్తుంది. కొలిచిన చోట అది ఇక ఉండదు. అద్దం లేచి ఉన్నంతసేపూ అడుగునున్న పరికరం గుడ్డిదే. కాబట్టి కెమెరా గత కొలతలను చూసి, షట్టర్ తెరుచుకునే క్షణానికి పిట్ట ఎక్కడుంటుందో లెక్కగట్టి లెన్స్‌ను అక్కడికి ముందే తోస్తుంది. నికాన్‌లో ఏఎఫ్-సి, కెనాన్‌లో ఏఐ సర్వో పెడితేనే ఈ జోస్యం జరుగుతుంది. ఫోకస్‌ను ఒకసారి పట్టి వదిలేసే ఏఎఫ్-ఎస్, వన్ షాట్ పద్ధతులు కూర్చున్న పిట్టకు సరిపోతాయి.

కెమెరా మెనూలో భయపెట్టే పేర్లన్నీ నిజానికి ఒక్క పని కోసమే ఉన్నాయని నాకనిపిస్తుంది: దేన్ని పట్టించుకోవద్దో ఆ గుడ్డి కొలతగాడికి చెప్పడం. గూడబాతు దిగేటప్పుడు మధ్యలో కొమ్మ అడ్డొస్తుంది. గడి కింద పడిన కొమ్మను కెమెరా వెంటనే నమ్మాలా, కాసేపు ఆగాలా? నికాన్‌లో దీనికి 1 నుంచి 5 దాకా అంకెలున్నాయి. 5 పెడితే అడ్డొచ్చినదాన్ని ఆలస్యంగా పట్టించుకుంటుంది. 7డి మార్క్ 2లో ఈ పనికి కేస్ 2 ఉంది. లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్ మీటా అంతే. 2015లో వచ్చిన నికాన్ 200-500 లెన్స్ మీద దాన్ని 6 మీటర్ల వైపు జరిపితే, అంతకన్నా దగ్గర ఏముందో లెన్స్ వెతకదు. 2.3 కిలోల ఈ లెన్స్ మోటారు అంత చురుకైంది కాదు. ఈ మీట వాడకపోతే తప్పిపోయిన ఫోకస్ వెనక్కి వచ్చేలోపు పిట్ట గూట్లో కూర్చుని రెక్కలు సర్దుకుంటుంది. షట్టర్ మీట నుంచి ఫోకస్‌ను విడదీసి వెనక బొటనవేలి బటన్‌కు మార్చుకోవడం కూడా నేర్చుకోదగ్గదే. వేలు తీస్తే ఫోకస్ ఉన్నచోట ఆగుతుంది, మళ్ళీ మీరు చెప్పేదాకా కదలదు.

ఎండకు మాత్రం ఏ సెట్టింగూ లేదు. పొద్దెక్కాక పులికాట్ బురదనేల మీద గాలి మరుగుతున్నట్టు ఆడుతుంది. రెండు పాయల వెలుతురూ ఆ గాలిలోంచే రావాలి కాబట్టి కొలతే ఊగుతుంది. ఖరీదైన లెన్స్ అయినా అదే గతి. కెనాన్ పెద్ద లెన్సులకు తెల్లరంగు పూసేది ఎండ వేడి లోపలికి చేరకుండా ఉండటానికి; బయట మరిగే గాలిని అదేం చేయగలదు? ఎండెక్కకముందే పని ముగించుకోవాలి. కొందరు ఫొటోలన్నీ మెత్తగా వస్తున్నాయని ఆ ఎండలోనే కెమెరాలోని ఫైన్ ట్యూన్ తెరిచి ప్లస్ ఇరవై, మైనస్ ఇరవైల మధ్య అంకెలు మారుస్తుంటారు. లెన్స్ నిజంగా పిట్టకు ఇవతలో అవతలో పడుతున్నప్పుడు వాడాల్సిన సదుపాయం అది. ఇంట్లో, స్టాండు మీద, కదలని అచ్చుకాగితం మీద పరీక్షించి పెట్టుకోవలసింది.

ఇదే తీరంలో ఈ పరికరాన్ని పూర్తిగా పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 లేచినట్టు ఏదైనా రాకెట్ రాత్రిపూట లేస్తే, ముందు చీకటి, ఆ వెంటనే కళ్ళు చెదిరే మంట. గడి కింద గీతా అంచూ ఏదీ నిలవదు. కాబట్టి లేవకముందే బాగా దూరంగా వెలిగే ఏదో ఒక దీపం మీద ఫోకస్ పట్టి, లెన్స్ మీది మీటను ఎం (మాన్యువల్) వైపు జరిపి, రింగు కదలకుండా ప్లాస్టర్ ముక్క అంటించాలి. చాలామంది రింగును ఆ చివరికంటా తిప్పేసి అదే అనంతదూరం అనుకుంటారు. పెద్ద లెన్సులు వేడికి వ్యాకోచిస్తాయని తయారీదారులు అనంతం గుర్తు దాటి కూడా కొంత తిరిగే చోటు వదులుతారు. చివరికంటా తిప్పితే మంట మసక ముద్దగా వస్తుంది. లైవ్ వ్యూలో పదిరెట్లు పెద్దది చేసి దీపాన్ని చూసుకోండి. అప్పుడు అద్దం లేచి ఉంటుంది, బొమ్మ నేరుగా అసలు సెన్సర్ మీదే పడుతుంది.