పట్టింగ్: నేల మీది నేర్పు

గోల్ఫ్‌లో బంతిని గాలిలోకి లేపే దెబ్బకే చప్పట్లు ఎక్కువగా దక్కుతాయి గాని, రంధ్రం చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన గ్రీన్ అనే నేలపై బంతిని దొర్లించే పట్టింగ్‌కు, 72 దెబ్బల ప్రామాణిక మైదానంలో రంధ్రానికి రెండేసి చొప్పున 36, అంటే సరిగ్గా సగం, కేటాయించి లెక్క కట్టారు. రంధ్రం వ్యాసాన్ని 1891లో 4.25 అంగుళాలుగా స్థిరపరచారు కాబట్టి, పది అడుగుల నుంచి కొట్టేటప్పుడు పట్టర్ అనే చదునుముఖపు కర్ర ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా బంతి దాదాపు రెండంగుళాలు తొలగి రంధ్రం అంచుకు చేరుతుంది. అందుకే టైగర్ వుడ్స్ అంతటివాడు కూడా, బంతిని నిలిపే మేకుల్లాంటి టీలు రెండింటిని పట్టర్ తల దూరేంత ఎడంలోనే గుచ్చి, వాటిని తాకకుండా దగ్గరి దెబ్బలను పదేపదే సాధన చేస్తాడు. చూసేవారికి ఇది విసుగే. దూరాన్ని అంచనా వేయడం దిశను కుదుర్చుకోవడం కన్నా కష్టం, ఎందుకంటే నేల వాలు, గడ్డి మొలిచిన దిశ, ఉదయపు తేమ బంతి వేగాన్ని మారుస్తూ ఉండగా, ఒకే చోట నిలబడి వంద బంతులు కొట్టినా ఆ అంచనా అలవడదు. నేల వాలుకు మంచి ఉదాహరణ ఒకటుంది: స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో ఏర్పడిన మహిళల పట్టింగ్ క్లబ్ వారి గ్రీన్‌కు, దాని మిట్టపల్లాల వల్ల, హిమాలయాస్ అనే పేరు స్థిరపడింది. అక్కడ సందర్శకులు సైతం కొద్దిపాటి రుసుముతో ఆడవచ్చు.