బెలూన్ ఎక్కిన నవల

జూల్ వెర్న్ ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం’ చదవకుండా సినిమా మాత్రమే చూసినవారిని కథ చెప్పమని అడిగితే, మొదట బెలూన్‌తోనే ఎత్తుకుంటారు. 1873లో పుస్తకంగా వచ్చిన ఆ నవలలో ఫిలియాస్ ఫాగ్ బెలూన్ ఎక్కనేలేదు. 1956లో మైకేల్ టాడ్ నిర్మించగా మైకేల్ ఆండర్సన్ దర్శకత్వం వహించిన చిత్రమే అతన్ని గాలిలోకి లేపింది. తర్వాత అనేక ముద్రణల అట్టల మీద కూడా ఆ బెలూన్ వచ్చి కూర్చుంది. సినిమా నవలకు తిరిగి అప్పు పెట్టడమంటే ఇదే కాబోలు!

నవలలోని హాస్యానికి మూలం ఫాగ్ దేనినీ చూడకపోవడం. బొంబాయిలో దిగి ఊరు చూడకుండా స్టేషనులో భోజనానికి కూర్చుంటాడు, ఓడలో పేకాడుకుంటాడు. అతనికి లోకమంటే రైళ్ళ, ఓడల వేళల పట్టిక. టాడ్ సినిమాకు లోకమే సరుకు. డెబ్భై మిల్లీమీటర్ల వెడల్పు తెర, సుమారు మూడు గంటల నిడివి, అడుగడుగునా ఒక ప్రసిద్ధ నటుడి తళుకు. కథానాయకుడు చూడనిదంతా మనకు చూపించాలి. ఈ వైరుధ్యాన్ని డేవిడ్ నివెన్ ముఖం కొంతవరకు కాపాడింది. చుట్టూ ఎంత హడావిడి జరిగినా ఆ ముఖంలో గడియారం తప్ప మరేమీ కనబడదు. కానీ స్పెయిన్‌లో ఎద్దుల పోరు మొదలయ్యాక గడియారం ఆగిపోతుంది. అది నవలలో లేదు. మెక్సికో హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్ ఎద్దుతో ఆడే ఆటకు పేరుపొందినవాడు కనుక కథ అటు తిరిగింది. అతను నవ్వించాడు, సందేహం లేదు. అయితే పాస్‌పార్తూ ఫ్రెంచివాడన్న సంగతి అక్కడే జారిపోయింది.

యానాం పాఠకులకు ఇది చిన్న విషయం కాదు. నవలలో రైలు ఫ్రెంచి చంద్రనగరం మీదుగా పోతుంది. తన దేశపు జెండా చూసి పాస్‌పార్తూ మురిసిపోయేవాడే, చీకటి కమ్మి అది కనబడలేదంటాడు వెర్న్. మన యానాం కూడా ఆనాడు ఆ జెండా కిందే ఉండేది.

భారతదేశ ఘట్టంలో మాత్రం తప్పు వెర్న్‌తోనే మొదలైంది. కథాకాలం 1872. బొంబాయి-కలకత్తా రైలుమార్గం 1870లోనే కలిసిపోయింది. అయినా ఏనుగు కావాలి గనుక మధ్యలో పట్టాలు లేవన్నాడు. కల్పనకు ఆ చనువు ఇవ్వవచ్చు. సహగమనం నుంచి ఔదాను కాపాడే సన్నివేశానికి వచ్చేసరికి అంత తేలిగ్గా వదలలేం. చితి చుట్టూ ఉన్నవాళ్ళు వెర్న్‌కు భయపెట్టే గుంపు మాత్రమే. ఎనభై మూడేళ్ళ తర్వాత సినిమాకూ అంతే. ఆమె పాత్ర అమెరికన్ నటి షర్లీ మెక్లెయిన్‌కు దక్కింది. ఆమెకు చేయడానికి మిగిలింది తక్కువ.

నవలలో ఔదా బొంబాయి పార్శీ వర్తకుని కూతురు, చదువుకున్నది. చివర్లో ఫాగ్ సర్వం పోగొట్టుకున్నానని కూర్చున్నప్పుడు, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని తనే అడుగుతుంది. ఆ పెళ్ళి ఏర్పాట్లకు పురోహితుని వద్దకు పరుగెత్తిన పాస్‌పార్తూకే ఒక రోజు మిగిలి ఉన్నదని తెలుస్తుంది. అంటే పందెం గెలిపించింది ఆమె మాటే. సినిమా ముగింపులో ఔదా ఆడవాళ్ళు అడుగుపెట్టకూడని రిఫార్మ్ క్లబ్బులోకి నడిచివస్తుంది, పెద్దమనుషులు బిత్తరపోతారు. నవలలో లేని ఆ అడుగును మాత్రం నేను సంతోషంగా ఒప్పుకుంటాను.