ఒక్క రాత్రి సమాజం: గోదావరి డెల్టాలో కాంట్రాక్టు పద్యనాటకం – విమర్శ ప్రమాణాల పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

వేర్వేరు నాటక సమాజాల్లో పేరుపొందిన నటులు ఒక్క రాత్రి ప్రదర్శన కోసం కలిసి, తెల్లవారగానే విడిపోయే పద్ధతిని తెలుగు నాటకరంగం కాంట్రాక్టు నాటకమని పిలిచింది. పద్యనాటకం క్షీణించడానికి ఇదే ప్రధాన కారణమన్న అభిప్రాయం విమర్శలో స్థిరపడింది. గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం పరిసర ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, పాశ్చాత్య రాక్ సంగీతంలోని స్వల్పకాలిక ప్రసిద్ధ బృందాలతో పోలుస్తూ, ఆ అభిప్రాయంలోని నిజానిజాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కలయిక ఒక్క రాత్రిదే కావడం దోషం కాదనీ, దాన్ని సాధ్యం చేసిన ఉమ్మడి సంపదను తిరిగి సమకూర్చే వ్యవస్థ లేకపోవడమే అసలు నష్టమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పద్యనాటకం, కాంట్రాక్టు నాటకం, నాటక సమాజం, తిరుపతి వేంకట కవులు, చిలకమర్తి, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం

తెలుగు నాటకరంగ చరిత్రలు ఎక్కువగా నాటకకర్త, సమాజం, నటుడు అనే మూడు శీర్షికల కింద నడుస్తాయి. ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా చెందని ప్రదర్శన కాంట్రాక్టు నాటకం. అందులో నాటకకర్త పాతవాడే. నటులు ప్రసిద్ధులే. సమాజం మాత్రం ఆ రాత్రికే పుట్టి ఆ రాత్రికే ముగుస్తుంది. అందువల్ల చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం దక్కలేదు. విమర్శలో దక్కిన స్థానం నిందకు సంబంధించినది.

ఆ నిందలో నాలుగు అభియోగాలు కనిపిస్తాయి. పూర్వాభ్యాసం లేకపోవడం మొదటిది. రాగాలాపన భావాన్ని మింగివేయడం రెండవది. ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు నటులకు పంచడం మూడవది. నాటక సమాజాలు విచ్ఛిన్నం కావడం నాలుగవది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఏది రూపానికి సంబంధించిన లోపమో, ఏది వ్యవస్థకు సంబంధించిన లోపమో తేలకుండా పోయింది. ఆ తేడాను నిర్ధారించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. సమాజం నుంచి కాంట్రాక్టుకు

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన తొలినుంచీ సమాజ జీవితంతో ముడిపడి ఉంది. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేశారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపారు. 1885లో వనారస గోవిందరావు నాయకత్వంలో మొదలైన సురభి కుటుంబ జీవితాన్నే సమాజంగా మలచుకొంది. ఆ తరువాత మైలవరం కంపెనీ, తెనాలి రామవిలాస సభ వంటి సంస్థలు నటులను తీర్చిదిద్దాయి. ఈ సంస్థల్లో ఒక నాటకం వేయడమంటే నెలల తరబడి కలిసి సాధన చేయడమే.

నటుడి పేరు సమాజం పేరును మించినప్పుడు పరిస్థితి మారింది. యడవల్లి సూర్యనారాయణ, స్థానం నరసింహారావు, అద్దంకి శ్రీరామమూర్తి, మాధవపెద్ది వెంకట్రామయ్య, బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య వంటివారి పేర్లు వారి సొంత ఊళ్లను దాటి వ్యాపించాయి. ఒక సమాజపు దుర్యోధనుణ్ణీ, మరో సమాజపు కృష్ణుణ్ణీ, ఇంకో ఊరి ధర్మరాజునూ ఒకే వేదికపై చూడాలన్న కోరిక ప్రేక్షకుల్లో కలిగింది. ఆ కోరికను గుర్తించినవాడు కాంట్రాక్టరు. ఒక్కొక్క నటుడితో విడిగా మాట్లాడుకొని, అడ్వాన్సు ఇచ్చి, సీనరీలు, డ్రస్సులు అద్దెకు తెచ్చి, కరపత్రాలు వేయించి, టిక్కెట్ల మీదనో ఊరి చందాల మీదనో నాటకం నడిపించడం అతని పని. నటులు ఆ సాయంత్రానికి ఊరు చేరేవారు. ఏ పద్యాలు ఉంచాలి, ఏవి వదలాలి అన్నది ముఖానికి రంగు వేసుకొంటూ మాట్లాడుకొనేవారు. ఎవరు ఏ శ్రుతిలో పాడతారో, ఎవరు ఏ రాగం ఎత్తుకొంటారో తెలిసిన హార్మోనిస్టే ఆ రాత్రికి వాస్తవమైన నిర్వాహకుడు.

3. ఉమ్మడి సంపదగా పద్యం

ఒకరితో ఒకరు సాధన చేయని నటులు తెల్లవార్లూ నాటకాన్ని ఎలా నడపగలిగారన్నది మొదటి అభియోగానికి సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానం నాటక పాఠంలోనే ఉంది.

పూతరేకులకు ప్రసిద్ధమైన ఆత్రేయపురం ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమీ వసిష్ఠ పాయల నడుమ ఉంది. గౌతమికి ఆవలి వైపు ఉన్న కడియంలో 1870లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జన్మించారు. వసిష్ఠకు ఆవలి వైపు ఉన్న ఖండవల్లిలో 1867లో చిలకమర్తి లక్ష్మీనరసింహం జన్మించారు. చెళ్లపిళ్లకు జంటకవి అయిన దివాకర్ల తిరుపతిశాస్త్రిది పశ్చిమ డెల్టాలోని యండగండి. కాంట్రాక్టు నాటకాలకు ఆధారమైన 'పాండవోద్యోగ విజయాలు', 'గయోపాఖ్యానం' ఈ ముగ్గురి రచనలే. ఆ విధంగా ఈ ప్రాంత ప్రేక్షకుడికి ఆ పద్యం తన నేల మీద పుట్టిన మాట. 'గయోపాఖ్యానం' లక్షకు పైగా ప్రతులు అమ్ముడయినట్లు ప్రసిద్ధి. అక్షరజ్ఞానం లేనివారు సైతం 'పాండవోద్యోగం' పద్యాలను కంఠస్థంగా పాడుకొన్నారన్నది తెలుగునాట అందరూ ఎరిగినదే.

నటులకూ ప్రేక్షకులకూ పాఠం ముందే తెలిసినప్పుడు పూర్వాభ్యాసం అర్థం మారుతుంది. పద్యం ఛందోబద్ధం కనుక అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎదుటి నటుడికి తెలుసు. పద్యాంతమే అతనికి అందింపు. రాగం ఎంత సాగినా చివరి పాదం దగ్గర ఇద్దరూ కలుసుకొంటారు. ఒక పద్యం జారితే ప్రేక్షకుల నుంచే ఆక్షేపణ వస్తుంది. అందువల్ల కాంట్రాక్టు నాటకాన్ని సాధన లేని నాటకమనడం సరికాదు. దాని సాధన వేర్వేరు సమాజాల్లో, వేర్వేరు ఊళ్లలో, ఏళ్ల తరబడి ముందే జరిగిపోయింది. ఒకరితో ఒకరు చేసిన సాధన లేకపోయినా, ఒకే పాఠం మీద అందరూ చేసిన సాధన ఉంది.

4. సంవాద దృశ్యం: సమఉజ్జీల నిర్మాణం

ఈ నాటకాల నిర్మాణం కూడా స్వల్పకాలిక కలయికకు అనువుగా ఉంది. 'గయోపాఖ్యానం' ఇతివృత్తం ఇందుకు మంచి ఉదాహరణ. గయుణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిన పూనుతాడు. కాపాడతానని అర్జునుడు అభయమిస్తాడు. ప్రాణమిత్రులిద్దరూ ప్రత్యర్థులై తలపడతారు. చివరికి శివుని జోక్యంతో వైరం శమిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఓడకూడదు, ఎవరూ తగ్గకూడదు. రెండు సమాజాల అగ్రనటులు ఒకే వేదికపై నిలబడినప్పుడు వారి మధ్య ఉండే స్పర్ధకూ గౌరవానికీ ఈ కథ సరిగ్గా సరిపోతుంది. 1963లో ఈ ఇతివృత్తంతోనే వచ్చిన 'శ్రీకృష్ణార్జున యుద్ధము' చలనచిత్రంలో ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కృష్ణార్జునులుగా కలిసి నటించడం యాదృచ్ఛికమనుకోలేము.

'పాండవోద్యోగం'లోని పడక సీను, రాయబారం సీను కూడా ఇటువంటివే. ప్రతి దృశ్యం దానికదే సంపూర్ణమైన వాదప్రతివాదం. ఒక నటుడు వేసిన పద్యానికి మరొకరు దీటుగా బదులివ్వాలి. ప్రేక్షకుల 'వన్స్‌మోర్' ఆ పోటీకి తీర్పు. దర్శకుడి ఏకైక దృష్టికి లోబడి నడిచే ఆధునిక నాటకపు కొలమానంతో ఈ ప్రదర్శనను కొలిస్తే అది అస్తవ్యస్తంగానే కనిపిస్తుంది. అవధానానికీ, సంగీత కచేరీకీ దగ్గరగా ఉండే పోటీ కళగా చూస్తే దాని క్రమం బోధపడుతుంది.

5. ఇద్దరు కృష్ణులు

పాత్ర విభజన అభియోగం ఇంతకంటే బలమైనది. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు రావడం కాంట్రాక్టు నాటకాల్లో పరిపాటి. దీనివల్ల ప్రేక్షకుడికి ఒక లాభం కలిగింది. సంగీత ప్రాధాన్యంతో పాడే షణ్ముఖి ఆంజనేయరాజు పద్ధతికీ, రాయబారం కృష్ణుడిగా పేరుపొందిన ఉత్తరాంధ్ర నటుడు పీసపాటి నరసింహమూర్తి పద్ధతికీ మధ్య తేడాను గుర్తించి చర్చించే ప్రేక్షకుడు తనకు తెలియకుండానే విమర్శకుడయ్యాడు. బాణీల భేదాన్ని పామరుడికి నేర్పిన పాఠశాల ఈ ప్రదర్శనే.

నష్టం మాత్రం చిన్నది కాదు. పడక సీనులో కృష్ణుడు చమత్కారి. నిద్ర నటిస్తాడు, బంధుత్వాల మాటున రాజనీతి నడుపుతాడు. కౌరవ సభలో అతడే యుద్ధ ఫలితాన్ని ముందుగా చూసి హెచ్చరించే రాయబారి. నవ్వుతూ మాట్లాడినవాడే ఇంత గంభీరుడు కావడంలో ఈ నాటకపు అర్థం ఉంది. ఇద్దరు నటులు ఆ రెండు దృశ్యాలను ఎంత గొప్పగా పోషించినా, ఒకే మనిషిలో కలిగే ఆ పరిణామం ప్రేక్షకుడికి అందదు. పద్యం నిలిచింది, పాత్ర చీలింది. రాగాలాపన అభియోగాన్నీ ఈ వెలుగులోనే చూడాలి. పాత్రకు ఆద్యంతాలు లేనప్పుడు నటుడికి మిగిలేది తన పద్యం, తన రాగం మాత్రమే. రాగం సాగడానికి నటుడి అభిరుచి కొంత కారణమైతే, పాత్రను ముక్కలు చేసిన ఏర్పాటు మరింత కారణం.

6. పోలిక: రాక్ సంగీతంలో స్వల్పకాలిక బృందాలు

ప్రసిద్ధ బృందాల సభ్యులు కొద్దికాలం కలిసి పనిచేయడం 1960ల నాటి రాక్ సంగీతంలోనూ జరిగింది. 1968 డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ లండన్‌లో చిత్రీకరించిన ఒక కార్యక్రమం కోసం బీటిల్స్‌కు చెందిన జాన్ లెనన్, అంతకు కొద్దిరోజుల ముందే ముగిసిన క్రీమ్ బృందపు ఎరిక్ క్లాప్టన్, రోలింగ్ స్టోన్స్‌కు చెందిన కీత్ రిచర్డ్స్, జిమీ హెండ్రిక్స్ బృందపు డ్రమ్స్ వాద్యకారుడు మిచ్ మిచెల్ 'డర్టీ మాక్' పేరుతో కలిసి వాయించారు. ఆ బృందం మళ్లీ కలవలేదు. వారు ఎంచుకొన్నది లెనన్ రాసిన బ్లూస్ బాణీ పాట. బ్లూస్ ఆ నలుగురికీ ఉమ్మడి భాష. దాని చట్రం తెలిసినవారు ఎవరితోనైనా కలిసి వాయించగలరు. తెలుగు నటులకు పద్యం చేసిన మేలు వారికి బ్లూస్ చేసింది.

1969లో క్లాప్టన్, జింజర్ బేకర్, ట్రాఫిక్ బృందపు స్టీవ్ విన్‌వుడ్, రిక్ గ్రెచ్ కలిసి 'బ్లైండ్ ఫెయిత్'గా ఏర్పడ్డారు. వారి ఉద్దేశం కొత్త సంగీతాన్ని సృష్టించడం. ఒకే ఒక్క ఆల్బమ్ తరువాత ఆ బృందం ఆ సంవత్సరంలోనే చెదిరిపోయింది. అమెరికా పర్యటనలో సొంత పాటలు చాలక, క్రీమ్, ట్రాఫిక్ బృందాల పాత పాటలను వాయించవలసి వచ్చింది. ఈ రెండు ఉదాహరణలూ ఒక సూత్రాన్ని సూచిస్తాయి. ఉమ్మడి సంపద మీద ఆధారపడిన కలయికకు ఒక్క రాత్రి చాలు. ఉమ్మడి సంపదను కొత్తగా సృష్టించవలసిన కలయికకు కాలం కావాలి.

తెలుగులోనూ ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. 1936లో ఒకే కథతో రెండు చిత్రాలు పోటీగా వెలువడ్డాయి. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు. రెండవ చిత్రమే విజయం సాధించింది. విజయాపజయాలకు కారణాలు అనేకం. అయినా నాటకంలో అతిగా పాడడాన్ని వ్యతిరేకించిన రాఘవనూ, పద్య పఠనంతో పేరుపొందిన బందానూ ఒకచోట చేర్చడంలో నటన గురించిన రెండు వేర్వేరు భావనలు ఎదురెదురయ్యాయన్నది గమనించదగినది. పెద్ద పేర్లు కలిసినంత మాత్రాన భాష కలవదు.

7. అసలు నష్టం

నాలుగవ అభియోగం దగ్గర కాంట్రాక్టు నాటకాన్ని సమర్థించడం కష్టం. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉండేవి రెండు మూడు పేర్లే. నకులుడికీ, సభాసదులకూ, ద్వారపాలకుడికీ 'మొదలైనవారు' అన్న మాటే మిగిలింది. సమాజంలో ద్వారపాలకుడిగా మొదలైన కుర్రవాడు పెద్ద నటుల పక్కన నిలబడి, విని, నేర్చుకొని, కొన్నేళ్లకు అర్జునుడయ్యేవాడు. కాంట్రాక్టరుకు అర్జునుడు కావాలి. అర్జునుణ్ణి తయారుచేసే ఓపికా అవసరమూ అతనికి లేవు. సమాజాలు కూడబెట్టిన నైపుణ్యాన్ని కాంట్రాక్టు నాటకం ఖర్చు చేసింది. ఆ ఖర్చును పూడ్చే మార్గం చూపలేదు. అగ్రనటులు కాంట్రాక్టులకు తరలిన కొద్దీ సమాజాలు బలహీనపడ్డాయి. సమాజాలు బలహీనపడిన కొద్దీ కాంట్రాక్టులకు తగిన నటులు కరువయ్యారు.

సురభి నేటికీ నిలబడడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ ద్వారపాలకుడూ అర్జునుడూ ఒకే కుటుంబంవారు. సురభి పద్ధతి గొప్ప, కాంట్రాక్టు పద్ధతి నీచం అని దీని అర్థం కాదు. దీర్ఘకాలిక సమాజాలు సజీవంగా ఉన్నంతవరకే స్వల్పకాలిక కలయికలకు జీవం ఉంటుందని అర్థం.

8. ముగింపు

కాంట్రాక్టు నాటకంపై వచ్చిన నాలుగు అభియోగాల్లో మొదటిది పద్యనాటక స్వభావాన్ని గుర్తించకపోవడం వల్ల కలిగినది. రెండవది మూడవదానిపై ఆధారపడినది. మూడవది నిజమైన కళాదోషం. నాలుగవది వ్యవస్థాదోషం, అన్నిటికంటె తీవ్రమైనది. స్వల్పకాలిక కలయికను అంచనా వేయడానికి విమర్శకుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కలిసినవారికి ఉమ్మడిగా ఉన్నదేమిటి? దానిని మళ్లీ సమకూర్చేవారెవరు? నేడు ఆత్రేయపురం వంటి ఊళ్లలో పేరున్న నటులను రప్పించి నాటకం ఆడించడం కష్టం కాకపోవచ్చు. పద్యం జారితే ఆక్షేపించగల ప్రేక్షకుణ్ణి రప్పించడం మాత్రం ఏ కాంట్రాక్టరుకూ సాధ్యం కాదు.

ఈ దిశగా పరిశోధనకు ఇంకా అవకాశం ఉంది. పాత కరపత్రాలు, కాంట్రాక్టరుల జమాఖర్చుల పుస్తకాలు, ఎవరి శ్రుతి ఏదో గుర్తున్న వృద్ధ హార్మోనిస్టుల జ్ఞాపకాలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. ముద్రిత నాటకం గ్రంథాలయంలో నిలుస్తుంది. ఒక్క రాత్రి సమాజం మాత్రం అది చూసినవారి జ్ఞాపకంలోనే నిలుస్తుంది. ఆ జ్ఞాపకాలను వారు ఉన్నప్పుడే నమోదు చేయడం డెల్టా కళాశాలల తెలుగు శాఖలకు అందుబాటులో ఉన్న పని.