పీహెచ్‌డీ నిబంధనల్లోని పనితనం

కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో పీహెచ్‌డీ ప్రస్తావన రాని రోజు తక్కువ. ఎంటెక్‌తో ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఆ డిగ్రీ ఉండి తీరాలి. అందుకే నోటిఫికేషన్ ఎప్పుడు, గైడ్ దగ్గర ఖాళీ ఉందా, సెలవు ఇస్తారా అన్న విచారణ ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఇంతమంది బతుకులతో ముడిపడ్డ అసలు నిబంధనలను మాత్రం ఓపిగ్గా చదివేవాళ్లు తక్కువ. 2022 నవంబరు 7న యూజీసీ గెజిట్‌లో ప్రకటించిన పీహెచ్‌డీ కనీస ప్రమాణాల నిబంధనలనే నేను మెచ్చుకోబోతున్నాను. ప్రభుత్వ కాగితంలో మెచ్చుకోవడానికి ఏముంటుందని అనుకోకండి. చాలా ఉంది.

మన ప్రాంతంలో ఇవి ఎక్కడ వర్తిస్తాయో ముందు చూద్దాం. కర్నూలు జి.పుల్లారెడ్డి కాలేజీకి, కడప కేఎస్ఆర్ఎం కాలేజీకి అనుబంధం 2008లో విడి విశ్వవిద్యాలయమైన అనంతపురం జేఎన్‌టీయూతో. ఆ విశ్వవిద్యాలయం తన నిబంధనలను యూజీసీ గీసిన హద్దుల్లోనే రాసుకోవాలి. జగన్నాథగట్టు మీది ట్రిపుల్ఐటీడీఎం దారి వేరు. అది జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ కాబట్టి దానికి సొంత ఆర్డినెన్సులు ఉంటాయి.

ఇక పనితనం సంగతి. బేతంచెర్ల బండ పరిచే మేస్త్రి సందు ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని రాయి కోస్తాడు. ఈ నిబంధనలు రాసినవాళ్లూ పరిశోధక విద్యార్థి ఎక్కడ ఇరుక్కుంటాడో ముందే చూసి వాక్యం రాశారు. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైంలో చేరేవారు యాజమాన్యం నుంచి తేవలసిన ఎన్‌ఓసీనే తీసుకోండి. 'మాకు అభ్యంతరం లేదు' అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే సరిపోదు. అందులో మూడు మాటలు ఉండాలి: పార్ట్ టైంలో చదువుకోవడానికి అనుమతి ఇచ్చాం, ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగినంత సమయం మిగులుస్తాయి, అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తి చేయడానికి విధుల నుంచి వదులుతాం. ఈ మూడో మాట విలువ వారానికి ఇన్ని గంటల క్లాసులు, ల్యాబులు, ఆపైన అడ్మిషన్ల డ్యూటీ చేసే లెక్చరర్‌కే తెలుస్తుంది. యాజమాన్యం మాట తప్పినా చేతిలో సంతకం చేసిన కాగితం ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

ప్రవేశ పరీక్షలోనూ అంతే జాగ్రత్త కనిపిస్తుంది. సిలబస్‌లో సగం పరిశోధనా పద్ధతులు, సగం సొంత సబ్జెక్టు. అందులో 50 శాతం వచ్చినవారు ఇంటర్వ్యూకు అర్హులు. తుది లెక్కలో పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఇంటర్వ్యూ గదిలో ఇంగ్లిషు మాట తడబడే పల్లెటూరి అభ్యర్థికి ఈ డెబ్బై పెద్ద అండ. రాతలో ముందున్నవాణ్ణి మాటల్లో వెనక్కి నెట్టడం అంత తేలిక కాదు.

గడువు విషయంలో నాకు ఎక్కువ నచ్చింది దాని సాగుదల. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల వరకు. కేసీ కాలువలో ఊట నష్టం కొలవాలన్నా, ఓర్వకల్లు ప్రాంతపు సోలార్ పార్కులో పలకల మీద పడే దుమ్ము కరెంటును ఎంత తగ్గిస్తుందో తేల్చాలన్నా ఒక్క ఏడాది లెక్కలు చాలవు. వాన పడిన ఏడూ చూడాలి, పడని ఏడూ చూడాలి. రాయలసీమలో ఆ రెండోది కరువేమీ కాదు.

అన్నిటికంటే చేయి తిరిగిన వాక్యం మహిళల గురించి రాసినది. పెళ్లి వల్లగానీ మరో కారణంతోగానీ ఊరు మారవలసి వస్తే, అప్పటిదాకా చేసిన పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్లనివ్వాలి. ప్రొద్దుటూరులో మొదలుపెట్టిన పనిని హైదరాబాదులో కొనసాగించవచ్చన్నమాట. వాక్యం అక్కడితో ఆగి ఉంటే మంచి మనసు మాత్రమే కనబడేది. దాని తర్వాత రెండు షరతులు పెట్టారు. ఆ పని పాత సంస్థకుగానీ గైడ్‌కుగానీ నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగమై ఉండకూడదు. అప్పటివరకు జరిగిన పనికి పాత గైడ్‌కు, పాత సంస్థకు గుర్తింపు ఇవ్వాలి. అమ్మాయి కష్టం వృథా కాదు, గైడ్ కష్టమూ మాయం కాదు. ఇద్దరి న్యాయాన్నీ ఒకే చోట ఇమిడ్చారు. దీనికి తోడు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు.

2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోగా ఒక జర్నల్ పేపరు, రెండు సదస్సు పత్రాలు తప్పనిసరిగా ఉండేవి. 2022లో యూజీసీ దాన్ని తీసేసింది. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్లకు ఆ షరతే గిరాకీ పెంచిందని నా అభిప్రాయం. కొందరు ప్రొఫెసర్లు దీనితో ప్రమాణాలు పడిపోతాయంటారు. నేను ఒప్పుకోను. బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు థీసిస్ చదవాలి. ఒకరు తిరస్కరిస్తే మూడో పరీక్షకుడికి పంపాలి. ఆయనా కాదంటేనే థీసిస్ పోతుంది. ఒక్కరి కోపానికి అయిదారేళ్ల శ్రమ బలి కాకుండా, ఇద్దరి తీర్పు దాటి పనికిరాని థీసిస్ బయటపడకుండా చూసే ఏర్పాటిది. థీసిస్ ఇచ్చిన నాటి నుంచి వైవా ఫలితం దాకా అంతా ఆరు నెలల్లో తేలాలి.

లోటు లేదా అంటే ఉంది. ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు విద్యార్థి ప్రెజెంటేషన్ ఇవ్వాలి. పురోగతి బాగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, దిద్దుబాటు సూచించాలి. అంతవరకు మంచిదే. గైడ్ నెలల తరబడి అధ్యాయం చదవకపోతే ఎవరు కారణాలు రాయాలో కూడా అంతే స్పష్టంగా రాసి ఉంటే బాగుండేది.

ఈ ఏడాది దరఖాస్తు చేయాలనుకునేవారికి ఒక్క మాట. ఫీజు కట్టే ముందు యూజీసీ గెజిట్ తెచ్చుకుని ఒక సాయంత్రం కూర్చుని చదవండి. పక్కనే మీ విశ్వవిద్యాలయం నిబంధనలు పెట్టుకుని పోల్చి చూడండి. ఎన్‌ఓసీలో ఆ మూడు మాటలూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే కాలేజీ నుంచి సంతకం తీసుకోండి.