తూర్పు కడలిలో క్రుంకిన పొద్దు

ఛాయాచిత్రము వర్ణచిత్రమువలె కనబడవలెనను కోరిక ఈ కంప్యూటరు యుగమున పుట్టినది కాదు. కెమెరా లోకమునకు తెలిసిన ఇరువదేండ్లలోపుననే అది మొలకెత్తినది. 1850 ప్రాంతమున వాడుకలోనుండిన కొలోడియన్ పలకకు నీలికాంతియెడ అమితమైన చురుకుదనము ఉండెడిది. కడలి స్పష్టముగా రావలెనని పలకను ఎక్కువసేపు వెలుగునకు చూపినచో ఆకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లబోయెడిది. మబ్బులు నిలువవలెనని తక్కువసేపు చూపినచో నీరు సిరావలె నల్లబడెడిది. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే 1857లో సెట్ రేవుకడ తీసిన ‘మహాతరంగము’ అను చిత్రమునకు రెండు నెగటివులు వాడినాడు. ఒకదానిలో కడలి, వేరొకదానిలో మబ్బులు. రెంటిని క్షితిజరేఖకడ కలియునట్లు ఒకే కాగితముపై అచ్చొత్తినాడు. ఒకే మబ్బుల నెగటివును ఆయన వేర్వేరు సముద్రచిత్రములకు వాడుకొనిన సందర్భములును కలవు. కనుక అతుకుబొంతలన్నియు నేటి కుర్రవారి చేష్టలేయని పెద్దలు నిట్టూర్చుట న్యాయము కాదు.

1990లో ఫోటోషాప్ వెలువడిన పిదప చీకటిగదిలోని పనులన్నియు క్రమముగా తెరమీదికి వచ్చినవి. సూర్యాస్తమయమును తీయుటలో నిపుణులు అనుసరించు పద్ధతి ఇది: కెమెరాను స్టాండుపై కదలకుండ నిలిపి, ఆకాశమునకొకటి, నేలకొకటి, అవసరమైనచో నడిమి వెలుగునకొకటి చొప్పున చిత్రములు తీసి, పిమ్మట వానిని పొరలు పొరలుగా కలిపెదరు. ఆ వేళ ఆకాశమునకును నేలకును నడుమ వెలుగులో ఉండు వ్యత్యాసమును కెమెరా సెన్సరు ఒక్కసారిగా పట్టజాలదు. మన కన్నో, మబ్బును చూచునపుడు ముడుచుకొని, చెట్టునీడను చూచునపుడు విచ్చుకొని, రెంటిని మనసులో ఒకటిగా కూర్చుకొనును. కావున ఈ కలుపుటలో మోసము లేదు. కన్ను చూచినదానిని కాగితము తిరిగి ఇచ్చుచున్నది, అంతియే.

దీని తరువాతి మెట్లలోనే కాలుజారు తావులున్నవి. 1980లలో మైకేల్ ఆర్టన్ అను కెనడా ఛాయాచిత్రకారుడు, స్ఫుటమైన స్లైడునొకదానిని, మసకగా తీసిన స్లైడునొకదానిని ఒకదానిపైనొకటి పెట్టి, కలలోని వెలుగువంటి మెరుపును సాధించినాడు. నేడు ఆ మెరుపు ఒక మీటను ప్రక్కకు జరిపిన వచ్చును. చిత్రమునంతటిని నూనెరంగుల కుంచెగీతలుగా మార్చు ఫిల్టరును 2012 నాటి ఫోటోషాప్‌లో చేర్చిరి. 2020లో ఆకాశమునకు ఆకాశమునే మార్చివేయు సాధనమును చేర్చిరి. లె గ్రే దినములు వెచ్చించి చేసిన పని నిమిషములోపల తీరిపోవుచున్నది. పని సులువైనందుకు నాకు విచారము లేదు. పనితోపాటు చూపు కూడ తొలగిపోవుచున్నందుకే ఈ నాలుగు మాటలు.

ఇటీవల ఒక ప్రదర్శనమున మెప్పు పొందిన చిత్రమొకటి చూచితిని. తీసినవారి పేరు ఇచ్చట అనవసరము, చేయి తిరిగినవారే. బరంపురమునకు సమీపముననున్న గోపాలపురపు సముద్రతీరమది. ఇసుకపై రెండు పడవలు. వలలు సర్దుకొనుచున్న నలుగురు నోళియాలు. ఆ తీరమున తెలుగు మాటలాడుచు తరతరములుగా చేపలు పట్టుచున్న మనవారే వారు. వారి వెనుక కడలి. కడలిపైన, నీటిని ముద్దాడబోవుచు, మందారమువంటి సూర్యుడు. మబ్బులనిండ నారింజ, ఊదా, బంగారు వన్నెలు కుంచెతో పూసినట్లు చాలుచాలుగా సాగినవి. క్రింద ‘అస్తమయము’ అని శీర్షిక.

గోపాలపురమునకు కడలి తూర్పున ఉన్నది. అచ్చట పొద్దు నీటినుండి పొడుచును, ఊరి వెనుక క్రుంకును. శీర్షిక తారుమారైనదేమో, ఇది ఉదయమేమోయని సరిపెట్టుకొందమన్న ఇసుక ఒప్పుకొనలేదు. ఆ నలుగురి నీడలును నిడుపుగా కడలివైపునకే సాగినవి. సూర్యుడు కడలిపైననున్న యెడల నీడలు చూపరివైపు పడవలెను గదా! అది నిజముగా సాయంకాలమే. పొద్దు కెమెరా వెనుక, ఊరివైపున వాలుచున్నది. ఆకాశము మాత్రము ఎచ్చటిదో తెలియదు: కొంకణపు తీరమునదో, మలబారునదో, లేక సాధనముతోపాటు పెట్టెలో వచ్చినదో.

నన్ను నొప్పించినది ఈ దిక్కుల తప్పు ఒక్కటియే కాదు. ఆ మనుష్యుల మొగములపై, తడిసిన వలలపై, పడవ అంచులపై తేనెవంటి వెలుగు పడియున్నది. అదియే అసలైన అస్తమయము! గోపాలపురమునకు దక్కిన అస్తమయము కడలిమీద ఉండదు, కడలి ఒడ్డున నిలిచిన మనిషి మొగముమీద ఉండును. కెమెరా దానిని చక్కగా పట్టినది. పట్టిన చేయి దానిని గుర్తింపక, సంజ కెంజాయ చాలలేదని పరాయి ఆకాశమును అరువు తెచ్చినది.

దీనికి సమాధానముగా టర్నరును సాక్ష్యమునకు పిలుచువారు ఉందురు. పిలువవలసినదే. ‘ఫైటింగ్ టెమరేర్’ అను ఆయన చిత్రము 1839లో ప్రదర్శింపబడినది. నేడు లండను నేషనల్ గ్యాలరీలో ఉన్నది. ఆ ముదుసలి యుద్ధనౌకను విరుగగొట్టుటకై 1838లో థేమ్సు నదిపై పడమటివైపునకు లాగుకొనిపోయిరి. చిత్రములో సూర్యుడు ఓడకు వెనుకనే క్రుంకుచున్నాడు, అనగా తూర్పున క్రుంకుచున్నాడు! అంతకుముందే ఊడదీయబడిన ఓడ కొయ్యలను కూడ టర్నరు తిరిగి నిలువబెట్టినాడు. మరి ఆ మహానుభావునకు చెల్లినది గోపాలపురపు చిత్రకారునకేల చెల్లరాదు?

చెల్లకపోవుటకు కారణము టర్నరు చిత్రములోనే కనబడును. అందలి సూర్యుడు ఎక్కడనుండి వచ్చినను, వచ్చిన పిదప చిత్రమంతట రాజ్యము చేయుచున్నాడు. నీరు ఆయన మాట వినును. లాగు పడవ పొగగొట్టము వెదజల్లు మంట ఆ ఎరుపునకే బదులు పలుకును. ఓడ పాలిపోయిన దయ్యమువలె ఆ వెలుగులోనే కరగును. ఒకే వెలుగు, ఒకే గాలి. పైగా గుడ్డపై రంగు పూసినవాడు ‘ఇది నేను భావించినది’ అని ముందుగనే ఒప్పుకొనుచున్నాడు. ఛాయాచిత్రము అట్లనదు, ‘ఇది నా యెదుట ఉండినది’ అనును. ఆ మాట ఇచ్చి, ఆ మాటవలన వచ్చు నమ్మకమును వాడుకొని, పిదప చిత్రకారుని స్వేచ్ఛ అడుగుట రెండు విస్తళ్లలో భోజనము చేయుటవంటిది.

మరియొక ముచ్చట. వర్ణచిత్రమువలె ఉండవలెనను వీరు చిత్రకారుని దగ్గర నేర్చుకొనవలసిన దానిని నేర్చుకొనుట లేదు. మోనే 1872లో చిత్రించిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అను ప్రసిద్ధ చిత్రమును చూడుడు. ఉదయచిత్రమే, అయినను పాఠము ఒక్కటియే. బూడిదవన్నె మంచులో చిన్న నారింజబిళ్లవంటి సూర్యుడు కణకణలాడుచుండును. మార్గరెట్ లివింగ్‌స్టన్ అను నాడీశాస్త్రవేత్త ఒక విశేషము చూపినది: ఆ చిత్రమును నలుపు తెలుపులలోనికి మార్చినచో సూర్యుడు దాదాపు మాయమగును! చుట్టునున్న మబ్బుకంటె ఆ సూర్యుని ప్రకాశము ఎక్కువ లేదన్నమాట. తేడా అంతయు వన్నెలోనే కలదు. ఆ ఒక్క చుక్క మెరియుటకై మోనే తక్కిన గుడ్డనంతటిని అణచియుంచినాడు. మన మీటలవారు సూర్యుని, మబ్బును, నీటిని, చెట్టును, చెట్టుపై కాకిని కూడ ఒక్క మోతాదున పెంచెదరు. అన్నియు అరచుచున్న సంతలో ఏ పిలుపు వినబడును?

ఇదంతయు కళాభిరుచికి సంబంధించిన చిన్న తగవని పాఠకులు అనుకొనవచ్చును. మనవంటి కుటుంబములకు అట్లు కాదని నా నమ్మకము. రెండు మూడు తరములకు పూర్వమే, కొందరు అంతకంటెను ముందే, వేరు రాష్ట్రములలో స్థిరపడినవారము. మన యిండ్లలోని పిల్లలలో అనేకులు గోదావరిని గోడమీదనో, ఫోనులోనో చూచినవారే. రాజమహేంద్రవరము నదికి తూర్పుగట్టున ఉన్నది, ఎదుటిగట్టున కొవ్వూరు. కావున అచ్చటి రేవులో నిలిచినవానికి పొద్దు నిజముగనే నది ఆవల క్రుంకును. 1900లో తెరువబడి, 1997లో రైళ్లకు సెలవిచ్చిన పాత హేవ్‌లాక్ వంతెనయు, దాని తరువాత వచ్చిన విల్లుకమానుల వంతెనయు ఆ వెలుగులో నల్లని గీతలై నిలుచును. ఇంతటి సంపదయున్న చోట అరువు ఆకాశమేల?

అయినను తెచ్చుచున్నారు. శ్రావణమాసపు వరద గోదావరి ఎర్రమట్టి నీరు. దానిలో ఆకాశము అద్దమునందువలె కనబడదు, మట్టిగోడపై దీపపు వెలుగువలె మసకగా ప్రాకును. ఆ నీటిని నీలముగా దిద్ది, అందు సూర్యబింబమును నిలువున ప్రతిఫలింపజేసిన చిత్రములు కొల్లలు. శీతకాలపు మంచులో పొద్దు ఎదుటిగట్టు చెట్లను తాకకమున్నే రాగిబిళ్లవలె కాంతి తగ్గి, చప్పుడు లేక మాయమగును. ఆ వెలవెలపాటును ‘లోపము’గా ఎంచి మంటలు పెట్టుచున్నారు. ఆ మంటలు చూచి పెరిగిన పిల్లవాడు ఒకనాడు అసలు రేవులో నిలిచి, ‘ఇంతేనా?’ అనినచో తప్పెవరిది?

రంగులలో సాక్ష్యముండుననుటకు ఒక గొప్ప దృష్టాంతము కలదు. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము ప్రేలిన పిదప, కొన్ని నెలలకు లండను ఆకాశమున అస్తమయములు వింత వన్నెలు దాల్చినవి. విలియం ఆస్‌క్రాఫ్ట్ అను చిత్రకారుడు చెల్సీలో థేమ్సు ఒడ్డున కూర్చుండి, సాయంకాలము వెంట సాయంకాలము రంగుసుద్దలతో ఆ ఆకాశమును వందలకొలది కాగితములపై దింపినాడు. 1888లో రాయల్ సొసైటీ ప్రకటించిన నివేదికకు ముఖచిత్రముగా ఎన్నుకొనినవి ఆయన చిత్రములే. 2007లో గ్రీకు శాస్త్రజ్ఞులు పూర్వుల అస్తమయచిత్రములలో ఎరుపునకును ఆకుపచ్చకును గల నిష్పత్తిని కొలిచి, ఆనాటి గాలిలోని అగ్నిపర్వతధూళిని లెక్కకట్టుటకు ప్రయత్నించిరి. కుంచె పట్టినవారు అంత నమ్మకముగా చూచిరి! మన కెమెరా చిత్రములను రేపు ఎవరైన కొలిచినచో, ఏ మీట ఎంతవరకు జరిగినదో మాత్రము తెలియును.

మన సంఘముల ప్రదర్శనలు నడుపు పెద్దలకు ఒక విన్నపము. దిద్దిన చిత్రములను నిషేధింపవద్దు; ఆ నిషేధము లె గ్రేను కూడ గుమ్మమునుండి త్రిప్పిపంపును. చిత్రము క్రింద ఊరు, మాసము, కెమెరా చూచిన దిక్కు వ్రాయుమని అడుగుడు. ఆకాశము అచ్చటిదే, ఆనాటిదే అయినచో ఆ మాటయు వ్రాయుమనుడు. కానిచో దానిని ఊహాచిత్రముల వరుసలో సగౌరవముగా ఉంచుడు. బహుమతికి ముందు దిద్దని మూలచిత్రమును కూడ ఒకమారు చూపుమని కోరుడు. గోపాలపురపు చిత్రకారుడు ఈ వ్యాసము చదివినచో ఆయనకును ఇదే మనవి. పైభాగమున పాలిపోయిన తూర్పు ఆకాశముతో, కడలివైపు చాచిన నాలుగు నీడలతో, పొద్దు పడిన ఆ మొగములతో ఉండిన ఆ మూలచిత్రము మీ కంప్యూటరులో ఇంకను ఉండియే యుండును. దానిని చూడవలెనని ఉన్నది.